జోస్యం అడుగుతారు, చదివింది చెప్పండి: కొరియా పరిశోధకులు పత్రికలతో, ప్రభుత్వాలతో మాట్లాడే పద్ధతి

2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర కావస్తుండగా దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ టీవీలో కనిపించి సైనిక పాలన ప్రకటించారు. వాషింగ్టన్‌లో అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. సియోల్‌లో ఒంటిగంట వేళకు జాతీయ అసెంబ్లీ 190-0 ఓట్లతో దాన్ని ఎత్తెయ్యమని తీర్మానించింది. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా అది రద్దయింది. ఆ ఆరు గంటలూ న్యూస్ డెస్కుల్లో నడిచిన పని ఒక్కటే: కొరియా గురించి తెలిసినవాళ్ళ ఫోన్ నంబర్లు వెతకడం.

నేను చూసినంతలో ముందు దొరికింది క్షిపణుల నిపుణులు, అణ్వస్త్రాల నిపుణులు. వాళ్ళనేమీ అనలేం, పాపం ఫోన్ ఎత్తారు. కానీ ఆ రాత్రి అడగాల్సిన ప్రశ్నలు వేరు. అసెంబ్లీలో మెజారిటీ కోరితే అధ్యక్షుడు సైనిక పాలన ఎత్తివేసి తీరాలని 1987 రాజ్యాంగం 77వ అధికరణ చెబుతుందా లేదా? 1979-80లో ఇదే పాలన ఎలా నడిచింది? అప్పటి ఆదేశాలకూ ఇప్పుడు సైనిక కమాండ్ ఇచ్చిన ఒకటో నంబర్ ఆదేశానికీ పోలికలేమిటి? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలవాళ్ళు చరిత్ర శాఖల్లో, న్యాయ శాఖల్లో ఉన్నారు. డెస్కుల దగ్గర వాళ్ళ నంబర్లు లేవు.

నేను చాలా ఏళ్ళు ఒక పత్రిక ఎడిట్ పేజీలో కూర్చుని ఆసియా మీద వచ్చే వ్యాసాలను కత్తిరించాను. ఇప్పుడు సియోల్‌లోనూ వాషింగ్టన్‌లోనూ కొరియా అధ్యయనాల యువ పరిశోధకులకు పత్రికలతో, చట్టసభల సిబ్బందితో ఎలా మాట్లాడాలో నేర్పుతుంటాను. అటు బల్ల వెనక కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. మిమ్మల్ని పిలిచేవాళ్ళు అడిగేది దాదాపు ఎప్పుడూ జోస్యమే: కిమ్ ఏం చేస్తాడు, సియోల్ ఏం చేస్తుంది, ఎవరు గెలుస్తారు. మీ దగ్గర ఉన్నది జోస్యం కాదు, మూలపత్రాలు చదివిన కళ్ళు. వాళ్ళ ప్రశ్నను మీరు చదివినదాని వైపు తిప్పడమే ఈ పనిలో అసలు నైపుణ్యం. కింద రాసినదంతా దాని గురించే.

ముందు మీ హద్దు గీసుకోండి

ఒక చీటీ మీద మూడు వాక్యాలు రాయండి. ఏ మూలాలు చదివారు, వాటిని బట్టి ఏ ప్రశ్నలకు జవాబు చెప్పగలరు, ఏం అడిగితే ఇంకొకరి పేరు చెబుతారు. ఉదాహరణకు ఇలా: "1979 అక్టోబర్ నుంచి 1981 జనవరి దాకా సైనిక పాలనలో నడిచిన పత్రికల సెన్సార్‌షిప్ రికార్డులు చదివాను. కొరియాలో సైన్యం వార్తలను ఎలా అదుపు చేసిందో, విలేకరులు ఎలా ఎదిరించారో చెప్పగలను. ఇప్పటి సైన్యంలోని వర్గాల గురించి అడిగితే నాకు తెలిసినవాళ్ళ పేరు ఇస్తాను." మూడో వాక్యం రాయడానికి అందరూ మొహమాటపడతారు. విలేకరికి బాగా గుర్తుండేది ఆ వాక్యమే. తనకు తెలియనిది తెలియదని చెప్పి, సరైన మనిషి దగ్గరికి పంపినవాళ్ళకు మళ్ళీ ఫోన్ వస్తుంది.

తర్వాత విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో మీ పేజీ తెరిచి చూడండి. "వలసానంతర కొరియా కథనాల్లో కర్తృత్వ సందిగ్ధత" అని ఉంటే ఏ విలేకరికీ మీరు దొరకరు. వాళ్ళు వెతికే మాటలు వేరు: నిర్బంధ సైనిక సేవ, సియోల్ ఇళ్ళ ధరలు, ఉత్తర కొరియా పత్రికలు, దత్తత, జననాల రేటు. మీ పరిశోధన నిజంగా తాకే మాటలు రెండు మూడు అక్కడ మామూలు భాషలో పెట్టండి. ఏ భాషల్లో ఇంటర్వ్యూ ఇవ్వగలరో, ఏ దేశంలో ఉంటారో కూడా రాయండి. చలికాలంలో సియోల్ వాషింగ్టన్ కంటే 14 గంటలు ముందు, వేసవిలో 13. ఎవరు ఏ వేళకు మేలుకుని ఉంటారన్నది చూసే చాలాసార్లు డెస్కులు ఎవరిని పిలవాలో తేల్చుకుంటాయి.

"నాది ప్రాచీన చరిత్ర, నాతో ప్రభుత్వాలకేం పని" అనేవాళ్ళు ప్రతి శిక్షణలోనూ ఒకరుంటారు. వాళ్ళకు గోగుర్యో కథ చెబుతాను. ఆ ప్రాచీన రాజ్యం తన సరిహద్దు చరిత్రలో భాగమని చైనా 2002లో మొదలుపెట్టిన ఈశాన్య ప్రాజెక్టు అనే పరిశోధన పథకం చెప్పుకొచ్చింది. సియోల్‌లో నిరసనలు రేగాయి. 2004లో గోగుర్యో సమాధులు ఉత్తర కొరియా వైపున్నవి, చైనా వైపున్నవి ఒకేసారి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. 2006లో సియోల్ ప్రభుత్వం ఈశాన్య ఆసియా చరిత్ర ఫౌండేషన్‌ను పెట్టింది. 2012 చివర్లో అమెరికా సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీలోని ప్రతిపక్ష సిబ్బంది కొరియా ఏకీకరణ మీద ఇచ్చిన నివేదికలో రెండు వేల ఏళ్ళ కిందటి సరిహద్దులు చర్చకొచ్చాయి. ప్రాచీన చరిత్రవాళ్ళకు ఆ రోజుల్లో వచ్చినన్ని ఫోన్లు క్షిపణులవాళ్ళకు వచ్చి ఉండవు. 2024 అక్టోబర్ 10న రచయిత్రి హాన్ కాంగ్‌కు నోబెల్ ప్రకటించిన రోజున సాహిత్య శాఖల సంగతీ అంతే. ఆమె రచనల్లో గ్వాంగ్జు, జేజు ఊచకోతలు ఉన్నాయి గనుక, సాహిత్యం గురించి మొదలైన ప్రశ్న రెండో నిమిషంలో 1980 మే మీదికి, 1948 ఏప్రిల్ మీదికి వెళ్ళిపోయింది.

క్యాలెండర్ మీ చేతిలోనే ఉంది

కొరియా మీద రాసేవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. ఏటా గుర్తుచేసుకునే తేదీలు ముందే తెలుసు. మార్చి 1, ఏప్రిల్ 3, ఏప్రిల్ 19, మే 18, జూన్ 25, జులై 27, ఆగస్టు 15. ఉత్తరాన ఏప్రిల్ 15, సెప్టెంబర్ 9, అక్టోబర్ 10. ఆ రోజుకు ఏదో ఒకటి వేయాలని ప్రతి ఎడిటర్‌కూ తెలుసు, చేతిలో మాత్రం ఏమీ ఉండదు. రెండు వారాల ముందు వ్యాసం పంపండి. తేదీ నాటి ఉదయం వచ్చిన వ్యాసం ఎంత బాగున్నా అప్పటికే పేజీ నిండిపోయి ఉంటుంది.

జులై 27కు పంపేవాళ్ళకు ఒక చిన్న మాట. 1953 యుద్ధవిరామ ఒప్పందం మీద సంతకం చేసింది ఐక్యరాజ్యసమితి కమాండ్, ఉత్తర కొరియా సైన్యం, చైనా ప్రజా స్వచ్ఛంద సైన్యం. దక్షిణ కొరియా సంతకం చేయలేదు. చేసినట్టు రాసిన వ్యాసాలు నా బల్ల మీదికి ఆచార్యుల దగ్గర్నుంచే వచ్చాయి. అలాంటి ఒక్క తప్పు కనబడితే ఎడిటర్ మిగతా పేరాలన్నీ అనుమానంతో చదువుతాడు.

ఎడిట్ పేజీ వ్యాసం

ఇంగ్లిష్ పత్రికలకు 700 నుంచి 800 పదాలు చాలు. ఫైలు జోడించి "దయచేసి పరిశీలించగలరు" అని రాసి ఊరుకోకండి. ఈమెయిల్‌లోనే మొదట మూడు వాక్యాలు: ఏం వాదిస్తున్నారు, ఈ వారమే ఎందుకు, మీరే ఎందుకు. దాని కిందే పూర్తి వ్యాసం. ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. వార్త వేడిగా ఉంటే ఒక రోజు చూసి, జవాబు రాకపోతే "వేరేచోటికి పంపుతున్నాను" అని చెప్పి పంపండి. దానికి ఎవరూ నొచ్చుకోరు.

పరిశోధకుల వ్యాసాలతో వచ్చే అసలు చిక్కు మొదటి పేరాలో ఉంటుంది. శిక్షణలో నేను తరచూ చేయించే మార్పు ఇది. మొదట వాళ్ళు రాసుకొచ్చేది: "1980 నాటి సెన్సార్ వ్యవస్థ రాజ్యాధికారానికీ ప్రజాక్షేత్రానికీ మధ్య గల సంక్లిష్ట సంబంధాన్ని పునరాలోచించవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం ముందుకు తెస్తుంది." చివరికి తేలాల్సింది: "మంగళవారం రాత్రి వచ్చిన ఆదేశంలో ఒక అంశం ప్రకారం పత్రికలు, ప్రచురణలన్నీ సైనిక కమాండ్ అదుపులోకి వెళ్ళాలి. 1980లో కొరియా పత్రికలు ఇలాంటి అదుపులోనే అచ్చయ్యాయి. అధికారులు కొట్టేసిన వార్తల చోట తెల్లజాగా వదిలేసి వచ్చిన సంచికలున్నాయి. ఆ ఏడాది నవంబర్‌లో ప్రభుత్వం పత్రికలనే కాదు, టీవీ సంస్థలను కూడా బలవంతంగా విలీనం చేసింది." రెండో దానిలో సిద్ధాంతం లేదని ఒక విద్యార్థి నాతో గట్టిగా వాదించాడు. సిద్ధాంతం ఎటూ పోలేదు, వాస్తవాలను ఏ వరసలో పేర్చాలో తేల్చింది అదే. (ఈ రోజు కొరియా వార్తలకు మనమంతా ఆధారపడే యోన్హాప్ సంస్థ కూడా 1980 విలీనాల్లో పుట్టిందే. సైనిక పాలన వార్తను అది పంపుతుంటే చదువుతూ నాకు గుర్తొచ్చింది అదే.)

మూడో పేరా లోపల మీరు చదివిన ఒక పత్రం కనబడాలి. నాలుగో పేరాలో మీ వాదానికి ఎదుటివాళ్ళు చెప్పే బలమైన మాట ఒకటి ఒప్పుకోండి. చివర "కాలమే నిర్ణయిస్తుంది" అని రాస్తే నేనైతే కొట్టేసేదాన్ని. శీర్షిక మీది కాదు, డెస్క్‌ది. మీ వాదాన్ని తలకిందులు చేసే శీర్షిక పడితే అరగంటలో ఫోన్ చేసి మర్యాదగా అడగండి, వెబ్‌లోనైనా మారుస్తారు. మర్నాడు అడిగితే ఎవరికీ పట్టదు.

కొరియా పత్రికల లెక్క వేరు. అక్కడి ఎడిటర్లు ఇప్పటికీ పొడవును 200 అక్షరాల గడుల కాగితంతో కొలుస్తారు. ఆ కాగితం ఎవరూ వాడకపోయినా లెక్క మాత్రం పోలేదు. "ఎనిమిది కాగితాలు" అంటే ఖాళీలతో కలిపి సుమారు 1,600 అక్షరాలు. ఏ పత్రికలో రాస్తున్నారన్నదే అక్కడ సగం అర్థం. చోసున్ ఇల్బో, జుంగాంగ్ ఇల్బో, దోంగా ఇల్బో సంప్రదాయవాద పక్షం అనీ, 1988లో పాఠకుల చందాలతో పుట్టిన హాంక్యోరె ప్రగతివాద పక్షం అనీ చదువరులకు ముందే ఒక అంచనా. ఒకే వాదాన్ని హాంక్యోరెలో రాస్తే ఒక రంగు, చోసున్‌లో రాస్తే ఇంకో రంగు పులుముతారు. తప్పించుకునే దారి లేదు. నా సలహా, ఏడాదిలో రెండు వైపులా ఒక్కోటి రాయండి. రెండు వైపులవాళ్ళూ కాస్త అనుమానంగా చూస్తారు, అయినా చదువుతారు.

ఫోన్ మోగాక

మాట మొదలుకాకముందే మూడు విషయాలు అడగండి: ఏ సంస్థ, డెడ్‌లైన్ ఎప్పుడు, పేరుతో రాస్తారా లేదా. పేరుతో రాసేది, "ఒక పరిశోధకుడు చెప్పిన ప్రకారం" అని రాసేది, అసలు రాయకుండా తెలుసుకోవడానికి మాత్రమే వినేది, ఇవి మూడూ వేర్వేరు ఒప్పందాలు. ఒప్పందం మాటకు ముందు కుదరాలి. చెప్పేశాక "ఇది రాయకండి" అంటే రాయకుండా ఉండాల్సిన బాధ్యత విలేకరికి లేదు. థింక్‌ట్యాంక్ సమావేశాల్లో చాథమ్ హౌస్ నియమం ఉందంటే అక్కడ విన్న విషయం బయట చెప్పొచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. ఉందో లేదో తలుపు దగ్గరే కనుక్కోండి.

ఇక జోస్యాల సంగతి. 2020 ఏప్రిల్ 15న, తన తాత పుట్టినరోజు వేడుకలో కిమ్ జోంగ్ ఉన్ కనబడలేదు. గుండెకు చికిత్స జరిగిందని ఒక వార్త, ప్రాణాపాయంలో ఉన్నాడని ఇంకో వార్త. రెండు వారాలు టీవీల్లో వారసత్వ చర్చలు నడిచాయి. ఉత్తరం నుంచి వచ్చి సియోల్ అసెంబ్లీకి ఎన్నికైన ఇద్దరు నేతలు కూడా గట్టిగా మాట్లాడారు. మే 1న కిమ్ సున్‌చోన్ ఎరువుల ఫ్యాక్టరీ రిబ్బన్ కత్తిరించారు, మర్నాడు ఫొటోలు వచ్చాయి. ఆ ఇద్దరూ క్షమాపణ చెప్పుకున్నారు. అంతకుముందు 2013లో గాయని హ్యోన్ సోంగ్-వోల్‌ను కాల్చి చంపారని సియోల్‌లో వార్త వచ్చింది. ఆమె 2018లో వింటర్ ఒలింపిక్స్ సందర్భంగా వాద్యబృందాన్ని వెంటబెట్టుకుని దక్షిణాదికి వచ్చింది.

ఆ రెండు వారాల్లో సరైన జవాబులు లేకపోలేదు. "ఆయన ఆరోగ్యం నాకు తెలియదు, బయట ఎవరికైనా తెలుసని నేను అనుకోను. నేను రోజూ ఉత్తర కొరియా పాలక పార్టీ పత్రిక రోదోంగ్ సిన్మున్ చదువుతాను. నాయకుడు కనబడని రోజుల్లో ఆ పత్రిక ఎలా ఉంటుందో చెప్పగలను. ఇంతకుముందు 2014లో ఆయన నలభై రోజులు కనబడనప్పుడు ఎలా నడిచిందో చెప్పగలను." ఇది పనికొచ్చే జవాబు. విలేకరికి ఒక పేరా దొరికింది, మీ పరువూ నిలిచింది. "ఏమవుతుంది?" అని అడిగితే "ఇంతకుముందు ఇలాంటప్పుడు ఏమైందో చెబుతాను" అనే వాక్యాన్ని కొరియన్‌లో, ఇంగ్లిష్‌లో నాలుకకు పట్టేదాకా వల్లె వేయండి. లైవ్‌లో తోచని క్షణంలో ఆదుకునేది అదే.

లైవ్ టీవీకి ఇరవై సెకన్ల జవాబులు కావాలి. మీరు చెప్పదలచిన ఒకే ఒక్క విషయం మొదటి వాక్యంలోనే చెప్పేయండి, వివరణ తర్వాత. ఇంట్లోంచి మాట్లాడుతుంటే గది తలుపు గడియ పెట్టండి. 2017 మార్చి 10న అధ్యక్షురాలు పార్క్ గ్యున్-హే పదవీచ్యుతి మీద బూసాన్ ఆచార్యుడు రాబర్ట్ కెల్లీ బీబీసీలో మాట్లాడుతుండగా పిల్లలు గదిలోకి వచ్చిన వీడియో లోకమంతా చూసింది. ఆ వేళ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం గురించి ఆయన ఏం చెప్పారో అడిగితే ఎవరూ చెప్పలేరు.

వాషింగ్టన్: ఒక్క పేజీ

అమెరికా కాంగ్రెస్‌లో మీ మాట చేరాల్సింది సభ్యుడికి కాదు, అతని సహాయకుడికి. సభ్యుల సొంత ఆఫీసుల్లో విదేశీ వ్యవహారాలు చూసే మనిషి చాలాచోట్ల ఒక్కరే. ఆ ఒక్కరి బల్ల మీదే ఉక్రెయిన్, గాజా, తైవాన్, మీ కొరియా అన్నీ ఉంటాయి. వయసు ఇరవైల్లో. తెలివైనవాళ్ళు, తీరిక లేనివాళ్ళు. కమిటీ సిబ్బందికి కాస్త ఎక్కువ తెలుస్తుంది. కాంగ్రెస్ పరిశోధన సేవాసంస్థలోని విశ్లేషకులకు ఇంకా ఎక్కువ తెలుసు, వాళ్ళకు పార్టీ పక్షం ఉండదు. వాళ్ళ నివేదికలు 2018 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. మొదట కొరియా మీద వాళ్ళు రాసింది చదవండి. అందులో మీ పరిశోధన సవరించగల వాక్యం ఒక్కటి కనబడితే, ఆ పేజీ సంఖ్య రాసి, మీ వ్యాసం జతచేసి పంపండి. "కలిసి మాట్లాడాలని ఉంది" అని పంపే ఉత్తరాల కంటే ఇది ఎంతో మేలు.

సహాయకుడి దగ్గరికి వెళ్తే ఒక్క పేజీ పట్టుకెళ్ళండి. మొదటి వాక్యంలో మీరు కోరేది ఉండాలి. పరిశోధకులకు ఇది ప్రాణసంకటం, కోరడం అలవాటు లేదు మరి. సమస్య ఎంత సంక్లిష్టమో అరగంట చెప్పి, "అయితే నన్నేం చేయమంటారు?" అని అడిగితే బిత్తరపోతారు.

కొరియా విభజనతో, యుద్ధంతో విడిపోయిన కుటుంబాల మీద మౌఖిక చరిత్ర సేకరించిన పరిశోధకురాలిని ఊహించుకోండి. ఆమె దగ్గర వందల గంటల రికార్డింగులున్నాయి. పేజీలో ఏముండాలి? దక్షిణ కొరియాలో 1,30,000కు పైగా మంది ఉత్తరాన ఉన్న బంధువుల కోసం పేర్లు నమోదు చేసుకున్నారు, వాళ్ళలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది కన్నుమూశారు. ఆఖరి కలయిక 2018 ఆగస్టులో కుమ్‌గాంగ్ కొండల దగ్గర జరిగింది. రెండు కొరియాల మధ్య జరిగే ఆ కలయికల్లో అమెరికా పౌరులైన కొరియన్లకు చోటు లేదు. పైగా 2017 సెప్టెంబర్ నుంచి అమెరికా పాస్‌పోర్టుతో ఉత్తర కొరియా వెళ్ళడం మీద ఆంక్ష ఉంది. విలేకరులకు, రెడ్‌క్రాస్ ప్రతినిధులకు, గట్టి మానవతా కారణం ఉన్నవాళ్ళకు విదేశాంగ శాఖ ప్రత్యేక అనుమతి ఇస్తుంది. కోరిక: ఆ జాబితాలో బంధువులను చూడబోయేవాళ్ళ పేరు స్పష్టంగా చేర్చండి. దాని కింద ఒక వృద్ధురాలి మాటలు, ఆమె అనుమతితో, నాలుగు వరసలు. ఆ కింద ఎదురయ్యే అభ్యంతరం ఒకటి: వెళ్ళినవాళ్ళను ఉత్తర కొరియా నిర్బంధిస్తే ఎలా? దానికి మీ జవాబు. అంతే, పేజీ నిండింది. యుద్ధ జ్ఞాపకాల సిద్ధాంతం గురించి ఒక్క ముక్క లేదు. ఆ రికార్డింగులు విన్న మనిషి తప్ప ఇంకెవరూ రాయలేని పేజీ మాత్రం ఇదే.

వాంగ్మూలం ఇవ్వమని కమిటీ పిలిస్తే నోటితో చెప్పడానికి అయిదు నిమిషాలు. రాతప్రతి ఎంత పొడవైనా ఉండొచ్చు, అది రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. కాబట్టి అధోజ్ఞాపికలు, సందేహాలు, షరతులు అన్నీ రాతప్రతిలో పెట్టి నోటితో మూడే విషయాలు చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే "రాతపూర్వకంగా పంపుతాను" అనొచ్చు, అది అక్కడి ఆనవాయితీయే. ప్రశ్న వేసే సభ్యుడు చాలాసార్లు మీ జవాబు కోసం కాదు, తన నియోజకవర్గం వినడం కోసం మాట్లాడతాడు. 2025 సెప్టెంబర్‌లో జార్జియాలోని హ్యుందాయ్-ఎల్‌జీ బ్యాటరీ ఫ్యాక్టరీ నిర్మాణస్థలంలో 300 మందికి పైగా కొరియన్లను అమెరికా వలస అధికారులు నిర్బంధించాక వీసాల మీద ఇలాంటి ప్రసంగాలు ఎన్నో విన్నాం. అలాంటప్పుడు వాదనకు దిగకండి. ఆయన మాటల్లో ఒక వాస్తవాన్ని పట్టుకుని మీ మూడు విషయాల్లో ఒకదానికి ముడిపెట్టండి.

సియోల్: అక్టోబర్‌కు ముందు

దక్షిణ కొరియా అసెంబ్లీకి ఏటా శరదృతువులో, మామూలుగా అక్టోబర్‌లో, ప్రభుత్వ శాఖలను నిలదీసే తనిఖీ సమావేశాలుంటాయి. గుక్‌జోంగ్ గామ్సా అంటారు. 300 మంది సభ్యుల సహాయకులకు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో నిద్ర ఉండదు. మంత్రిని ఇరుకున పెట్టే సమాచారం కోసం, ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న కోసం వెతుకుతుంటారు. మీ దగ్గర పనికొచ్చే పత్రం ఉంటే ఆగస్టులో పంపండి, నవంబర్‌లో పంపితే ఎవరూ తెరవరు. మీరు పంపేది కొరియన్‌లో ఉండాలి, రెండు పేజీలు దాటకూడదు. తెలిసినవాళ్ళు పరిచయం చేస్తే తలుపు త్వరగా తెరుచుకుంటుంది. ఇది నాకు నచ్చదు, అయినా నిజం. తటస్థంగా పనిచేసేచోట మొదలుపెట్టాలంటే 2007లో ఏర్పడిన అసెంబ్లీ శాసన పరిశోధన సేవాసంస్థ ఉంది. ఉత్తర కొరియా సంగతులకైతే 1991 నుంచి ఉన్న జాతీయ ఏకీకరణ అధ్యయన సంస్థ.

అధ్యక్షుడికి ఒక్కటే పదవీకాలం, అయిదేళ్ళు. ప్రభుత్వం మారితే ఉత్తరం పట్ల విధానం సగానికి సగం మారుతుంది. 2008లో లీ మ్యుంగ్-బాక్ పదవిలోకి వస్తూ ఉత్తరంతో వ్యవహారాలు చూసే ఏకీకరణ మంత్రిత్వ శాఖను ఏకంగా విదేశాంగ శాఖలో కలిపేయాలని చూశారు. మంత్రితో ఫొటో దిగిన పరిచయం మహా అయితే రెండేళ్ళు పనిచేస్తుంది. విభాగాధికారుల స్థాయిలో ఉన్నవాళ్ళతో పరిచయం పెంచుకోండి. వాళ్ళూ కుర్చీలు మారతారు గాని, శాఖలోనే ఉంటారు.

డబ్బు ఎక్కడిదో ముందే చెప్పండి

మనలో చాలామందిమి 1991లో పుట్టిన కొరియా ఫౌండేషన్ డబ్బుతోనో, కొరియన్ అధ్యయనాల అకాడమీ డబ్బుతోనో చదువుకున్నాం. రెండూ సియోల్ ప్రభుత్వ నిధులతో నడిచేవే. దాచడానికేమీ లేదు, కాని దాచినట్టు కనబడితే కొంప మునుగుతుంది. వ్యాసం కింద ఒక వాక్యం చాలు. అమెరికా ప్రతినిధుల సభలో సాక్ష్యమిస్తే విదేశీ ప్రభుత్వ నిధుల వివరాలు ఫారంలో రాయాలి. వాషింగ్టన్‌లోని కొరియా ఎకనామిక్ ఇన్‌స్టిట్యూట్ విదేశీ ప్రతినిధుల నమోదు చట్టం కింద నమోదై, ఆ మాట తన ప్రచురణల మీదే అచ్చువేస్తుంది. విదేశీ ప్రభుత్వాల తరఫున పనిచేసేవాళ్ళు పేరు నమోదు చేసుకోవాలనే 1938 నాటి ఆ చట్టం కిందే 2024 జులైలో వాషింగ్టన్‌లో పేరున్న ఒక కొరియా విశ్లేషకురాలిపై అభియోగాలు మోపారు. ఆమె తరఫు న్యాయవాది వాటిని ఖండించారు. ఆ కేసులో నిజానిజాలు నేను తేల్చను. ఏ దౌత్యాధికారైనా మీకు అంశాలు చెప్పి, వాటి మీద వ్యాసం రాయమని, దానికి డబ్బిస్తామని అంటే మాత్రం ముందు విశ్వవిద్యాలయ న్యాయవిభాగానికి ఫోన్ చేయండి. డబ్బు ఆగితే ఏమవుతుందో కూడా చూశాం. జాన్స్ హాప్కిన్స్‌లోని అమెరికా-కొరియా సంస్థ సియోల్ నిధులు ఆగిపోయి 2018లో మూతపడింది. అక్కడ నడిచిన ఉత్తర కొరియా విశ్లేషణల వెబ్‌సైట్ 38 నార్త్ మాత్రం స్టిమ్సన్ సెంటర్‌కు చేరి నిలబడింది.

మీ మాట వల్ల దెబ్బ తగిలేది ఎవరికి

ముందుగా మీకు సమాచారం ఇచ్చినవాళ్ళకు. ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళను ఇంటర్వ్యూ చేసే పరిశోధకులు ఈ పేరా రెండుసార్లు చదవండి. దక్షిణానికి వచ్చి చేరినవాళ్ళు మొత్తం 34,000 దాటారు. 2019లో 1,047 మంది వచ్చారు. సరిహద్దు మూశాక 2020లో 229, 2021లో 63. ఆ 63లో "హేసాన్ నుంచి వచ్చిన, ముప్ఫై దాటిన నర్సు" అని మీరు పత్రికలో చెప్పారంటే పేరు చెప్పినట్టే. ఆమె తల్లిదండ్రులు ఇంకా అక్కడే ఉంటారు. ఏ విలేకరైనా "ఆమెతో మాట్లాడించగలరా" అంటే, ఆమెను అడగకుండా నంబర్ ఇవ్వకండి. అడిగేటప్పుడు కూడా కాదనే వీలుండేలా అడగండి. మీరు చేసిన సాయానికి కృతజ్ఞతతో ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ. వ్యాసంలో సంవత్సరం, ఊరు, వృత్తి, ఈ మూడింటిలో కనీసం రెండు తీసేయండి.

తర్వాత మీకు. దక్షిణ కొరియా శిక్షాస్మృతి 307వ అధికరణ ప్రకారం నిజం చెప్పినా పరువునష్టం నేరం కావొచ్చు. ప్రజాప్రయోజనం కోసమే చెప్పారని తేలితే 310 కాపాడుతుంది. 2021 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం 5-4తో ఈ చట్టాన్ని సమర్థించింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సైనిక వేశ్యాగృహాల్లో మగ్గిన స్త్రీల చరిత్ర మీద రాసిన సెజోంగ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు పార్క్ యు-హా కేసు ఏళ్ళ తరబడి నడిచింది. 2017లో కింది కోర్టు నిర్దోషి అంది, అప్పీలు కోర్టు జరిమానా వేసింది, 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆమె వాదంతో నేను చాలాచోట్ల ఏకీభవించను, కాని పండిత వివాదాన్ని క్రిమినల్ కోర్టుకు ఈడ్చడాన్ని అంతకంటే తక్కువ ఒప్పుకుంటాను. ఉత్తర కొరియాను పొగడడాన్ని నేరంగా చూసే జాతీయ భద్రతా చట్టం 7వ అధికరణ కూడా ఇంకా ఉంది. ఉత్తర కొరియా పాటో పోస్టరో సరదాకి సోషల్ మీడియాలో పెట్టేముందు, మీరు సియోల్‌లో ఉన్నారో లేదో గుర్తుచేసుకోండి.

జపాన్ సైనిక వేశ్యాగృహాల్లోని స్త్రీలు ఒప్పందాలు కుదుర్చుకునే వెళ్ళారని వాదిస్తూ ఒక హార్వర్డ్ న్యాయ ఆచార్యుడు రాసిన వ్యాసం 2021లో దుమారం రేపినప్పుడు పరిశోధకులు ఎదుర్కొన్న తీరు మనకు మంచి పాఠ్యపుస్తకం. హార్వర్డ్ చరిత్రకారులు కార్టర్ ఎకర్ట్, ఆండ్రూ గోర్డన్ ఆ వ్యాసం ఉదహరించిన ఆధారాలు వెతికి చూసి, కొరియా స్త్రీలు చేసుకున్న ఒప్పందపత్రం ఒక్కటీ అందులో కనబడలేదని చెప్పారు. ఇంకో అయిదుగురు చరిత్రకారులు అధోజ్ఞాపికలను ఒక్కొక్కటీ తీసి మూలంతో పోల్చి చూసి ఆ జాబితాను బయటపెట్టారు. పత్రికలకు ఆగ్రహ ప్రకటనలు కుప్పలుగా దొరుకుతాయి. పేజీ సంఖ్యతో సహా "ఇక్కడ మూలంలో ఇలా లేదు" అనేది దొరకడం అరుదు. వాళ్ళ మాట నిలిచింది అందువల్లే. దానికి మూల్యంగా ఆ చరిత్రకారులకు, ముఖ్యంగా స్త్రీలకు, ఇంటర్నెట్‌లో బెదిరింపులూ వచ్చాయి. కాబట్టి వేడి విషయం మీద రాసేటప్పుడు అచ్చయ్యే ముందురోజే శాఖాధిపతికి చెప్పండి. ఫోన్ నంబర్, ఇంటి చిరునామా వెబ్‌లో ఎక్కడున్నాయో చూసి తీయించండి. మొదటి రెండు రోజులు వ్యాఖ్యలు మీరు చదవకండి. స్నేహితుల్లో ఒకరికి ఆ పని అప్పజెప్పి, బెదిరింపులుంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టమనండి.

వ్యాసం వచ్చాక తప్పు దొరికితే దాన్ని మీరే ముందు చెప్పి దిద్దించుకోండి. మీతో మాట్లాడిన విలేకరి, సహాయకుడు, ఎడిటర్ పేర్లు తేదీలతో ఒకచోట రాసుకోండి. ఏ ఒప్పందం మీద మాట్లాడారో కూడా పక్కన రాయండి, ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు. సహాయకులు ఏడాదికోసారి ఉద్యోగాలు మారతారు. ఈ ఏడాది కాంగ్రెస్‌లో ఉన్నవాళ్ళు వచ్చే ఏడాది విదేశాంగ శాఖలోనో థింక్‌ట్యాంక్‌లోనో తేలతారు, అప్పుడు ఆ పట్టికలో పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసుకోండి.